ఎక్కువ మార్కులొస్తే నష్టపోయే పరీక్ష: లైంగిక నేరస్థుల వర్గీకరణలో ప్రభుత్వ ఖర్చుతో లాయరు ఎందుకు?

న్యూయార్క్ రాష్ట్రంలో, లైంగిక నేరస్థుడితో జనానికి ఎంత ముప్పో కొలిచే ఒక మార్కుల షీటు ఉంది. పదిహేను అంశాలు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని లెక్క. మన పరీక్షలకు ఇది తలకిందులు, ఎంత తక్కువొస్తే అంత మంచిది. 70 దాకా వస్తే లెవెల్ 1. 75 నుంచి 105 దాకా లెవెల్ 2. 110, ఆపైన లెవెల్ 3. మార్కులన్నీ ఐదేసి చొప్పున పడతాయి కాబట్టి 71, 72 లాంటివి రావు. 70కీ 75కీ మధ్య ఉన్నది ఒక్క మెట్టే.

ఆ మెట్టుకు ఇవతల ఆగినవాడి పేరు మామూలుగా 20 ఏళ్లు లైంగిక నేరస్థుల రిజిస్టరులో ఉంటుంది కానీ ప్రభుత్వ వెబ్‌సైటులో కనిపించదు. మెట్టు దాటినవాడి ఫొటో, చిరునామా, చేసిన నేరం ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ జీవితాంతం. లెవెల్ 3 అయితే 90 రోజులకోసారి స్వయంగా పోలీసుల దగ్గరికెళ్లి చిరునామా ధ్రువీకరించాలి.

ఈ పరీక్షకు కూర్చునేది లైంగిక నేరం రుజువై, జైలు నుంచి బయటికి రాబోతున్నవాళ్లు, లేదా జైలు శిక్ష లేకుండా, అధికారి నిఘాలో బయటే ఉండే ప్రొబేషన్‌తో బయటపడ్డవాళ్లు. 1996 జనవరి 21న అమల్లోకి వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం, విడుదలకు ముందు ఒక బోర్డు మార్కులు వేసి సిఫార్సు పంపుతుంది, జడ్జి విచారణ జరిపి లెవెల్ ఖాయం చేస్తాడు. ఆ విచారణకు లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే తన ఖర్చుతో లాయరును ఇస్తుంది.

వినగానే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పసిపిల్లల మీద చెయ్యేసినవాడికి మన పన్నుల డబ్బుతో లాయరా? ఈ కోపం అర్థం చేసుకోలేనిదేమీ కాదు. ఈ చట్టాల వెనక 1994 జూలైలో న్యూజెర్సీలోని హామిల్టన్ టౌన్‌షిప్‌లో ఎదురింటివాడి చేతిలో బలైన ఏడేళ్ల మేగన్ ఉంది. ఎదురింట్లో ఉన్నది అంతకుముందే శిక్షపడ్డ నేరస్థుడని తల్లిదండ్రులకు తెలియదు. మూడు నెలలు దాటీ దాటగానే, అక్టోబరు 31న, ఆ రాష్ట్రం మేగన్ పేరు మీద చట్టం చేసింది. అయితే ఒళ్లు మండేటప్పుడు మనం ఒక విషయం కలిపేసుకుంటాం. ఈ విచారణలో అతను నేరం చేశాడా లేదా అన్న చర్చే రాదు. ట్రయల్లో రుజువైన విషయాన్ని, తనంతట తాను కోర్టులో ఒప్పుకున్న విషయాన్ని ఇక్కడ మళ్లీ తవ్వడానికి న్యూయార్క్ చట్టం ఒప్పుకోదు. ఇక్కడ తేల్చేది ఒక్కటే: ఇకముందు ఇతనితో జనానికి ఎంత ముప్పు?

షీటును కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు, పదిహేనేళ్ల అమ్మాయి, ఇద్దరికీ ముందే పరిచయం ఉందనుకుందాం. బాధితురాలి వయసు 11 నుంచి 16 మధ్య ఉంటే 20 మార్కులు. సంభోగం జరిగింది కాబట్టి 25. మొదటి లైంగిక నేరం నాటికి ఇతని వయసు 20 లేదా అంతకన్నా తక్కువ కాబట్టి 10. మామూలు పర్యవేక్షణ కింద విడుదలవుతున్నాడు, దానికి 5. మొత్తం 60, లెవెల్ 1. షీటులో పదకొండో అంశం మద్యం, మత్తుపదార్థాల దుర్వినియోగ చరిత్ర. దానికి 15. శిక్షకు ముందు ప్రొబేషన్ అధికారి రాసిన నివేదికలో ఎక్కడో ఒక మూల 'వారాంతాల్లో స్నేహితులతో తాగుతాడు' అని ఒక్క వాక్యం ఉంటుంది. దాన్ని చూసి బోర్డు ఆ 15 వేస్తే 75. లెవెల్ 2. ఒక్క వాక్యంతో జీవితకాలం.

వారాంతపు బీరు దుర్వినియోగమా? ఇది చిలవలు పలవలు చేసిన ఉదాహరణ కాదు. ఇదే ప్రశ్న న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 2013లో పామర్ కేసులో, అప్పుడప్పుడు నలుగురిలో తాగడాన్ని బట్టి ఆ 15 మార్కులు వేయడం కుదరదని కోర్టు చెప్పింది. ఆ మాట చెప్పించడానికి నివేదిక మొత్తం చదివి, ఆ వాక్యం దగ్గర వేలుపెట్టి 'ఇది సరిపోదు' అన్న మనిషి ఒకరు కావాల్సి వచ్చింది. జైల్లో ఉన్నవాడు ఆ పని తనంతట తాను చేసుకోగలడని ఎవరైనా అంటే, వాళ్లు కోర్టు కాగితాలు ఎప్పుడూ చదివి ఉండరని నా అనుమానం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ విచారణలో సాక్షులు బోనెక్కి చెప్పనక్కర్లేదు. నమ్మదగినదిగా కనిపిస్తే చెప్పుడు మాటలు కూడా సాక్ష్యమే. పోలీసు రిపోర్టు, ప్రొబేషన్ నివేదిక, బోర్డు రాసిన కేసు సారాంశం, అన్నీ చెల్లుతాయి. శిక్షపడ్డ అభియోగంలో లేని విషయాలు కూడా, రుజువు చేయగలిగితే, లెక్కలోకి వస్తాయి. కత్తి చూపించాడని ఎవరో అన్నారు, కానీ ఆ అభియోగం ట్రయల్లో ఎప్పుడూ రుజువు కాలేదు. ఆయుధానికి 30 మార్కులు. ఇద్దరు బాధితులుంటే 20, ముగ్గురు ఆపైన అయితే 30. ముక్కూ ముఖం తెలియనివాళ్ల మీద చేస్తే 20. ఇలా ఒక్కో గడి ఒక్కో గొడవ. నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది పద్నాలుగో గడి. శిక్ష మొత్తం పూర్తిచేసి, ఎలాంటి పర్యవేక్షణ లేకుండా బయటికొస్తే 15 మార్కులు. జైలుకు ఏమీ బాకీ లేకుండా వచ్చినందుకు! పర్యవేక్షణ లేనివాడితో ముప్పెక్కువ అన్నది దాని వెనక తర్కం, కాదనలేం. కానీ అది అతను చేసిన పని కాదు కదా. అన్నట్టు, ఈ షీటు పూర్తిగా గణాంకాల మీద కట్టింది కాదని, దాని లెక్కలు అధ్యయనాలతో పరీక్షకు నిలవలేదని న్యూయార్క్‌లో కొందరు ట్రయల్ జడ్జీలే తీర్పుల్లో విమర్శించారు.

షీటులో వచ్చిన అంకెను జడ్జి దాటిపోవచ్చు. పైకి జరపమని ప్రాసిక్యూటర్ అడగొచ్చు, కిందికి దించమని నేరస్థుడి తరఫు లాయరు అడగొచ్చు. కిందికి దించాలంటే షీటు పట్టించుకోని తగ్గింపు కారణమేదో ఉందని నిరూపించాలి. ఆ భారం అతని మీదే అని 2014లో గిలోటీ కేసు తేల్చింది. వయసు డెబ్బై దాటిందనో, మంచం పట్టాడనో, చికిత్సకు అసాధారణంగా స్పందించాడనో చూపించాలి. ఇది డాక్టర్ల, మానసిక నిపుణుల కాగితాలతో పని. కాగితాలు తెప్పించేదెవరు?

లాయరు హక్కు అనగానే అమెరికాలో అందరూ 1963 నాటి గిడియన్ తీర్పునే తలుచుకుంటారు. సీరియస్ నేరం మోపబడిన పేదవాడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పది. మరి అదే ఇక్కడా వర్తిస్తుందిగా అంటే, వర్తించదు. గిడియన్ నిలబడింది రాజ్యాంగం ఆరో సవరణ మీద, అది క్రిమినల్ ప్రాసిక్యూషన్లకే. రిజిస్టరులో పేరెక్కించడం శిక్ష కాదు, జనాన్ని కాపాడే పాలనాపరమైన ఏర్పాటు అన్నది చట్టం లెక్క. 2003 మార్చి 5న సుప్రీంకోర్టు ఒకేరోజు రెండు తీర్పులిచ్చింది. అలాస్కా కేసులో, రిజిస్టరు శిక్ష కాదు కాబట్టి పాత నేరాలకు కూడా దాన్ని వర్తింపజేయొచ్చంది. కనెక్టికట్ కేసులో, శిక్షపడిందన్న ఒక్క కారణంతోనే అందరి పేర్లూ వెబ్‌సైటులో పెడుతుంటే ప్రమాదకరమా కాదా అని విచారణ జరపక్కర్లేదంది. కనెక్టికట్ జాబితా అసలు 'వీడు ప్రమాదకారి' అని చెప్పడమే లేదు కాబట్టి ఆ విషయంలో వాదించుకునే అవకాశం ఇవ్వాల్సిన పనిలేదని దాని తర్కం.

ఈ రెండో తీర్పును తిరగేసి చదివితే మన విషయానికి మూలం దొరుకుతుంది. రాష్ట్రం ప్రతివాడికీ విడివిడిగా ముప్పు కొలిచి, 'ఇతను లెవెల్ 3' అని ముద్ర వేస్తుంటే, అప్పుడు కొలతలో తప్పు జరిగే అవకాశం ఉంది. తప్పు జరగొచ్చు కాబట్టి నోటీసు, విచారణ, లాయరు కావాలి. న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఈ మాట ఎనిమిదేళ్ల ముందే, 1995లో డో వర్సెస్ పోరిట్జ్ కేసులో అంది. మేగన్ చట్టాన్ని నిలబెడుతూనే, ఏ అంచెలో పెట్టాలన్నది కోర్టు విచారణతో తేలాలని, డబ్బులేనివాడికి లాయరును ఇవ్వాలని చెప్పింది. న్యూయార్క్‌లో తొలి రోజుల్లో వందలాది మందికి విచారణే లేకుండా లెవెల్ వేశారు. 1998లో ఫెడరల్ జడ్జి డెనీ చిన్ అది చెల్లదని, నోటీసు, లాయరు, ముందుగా కాగితాలు చూసే వీలు ఇచ్చి మళ్లీ తేల్చాలని, రుజువు భారం ప్రభుత్వానిదేనని తీర్పిచ్చారు. అంటే ఇక్కడ లాయరు గిడియన్ ఇంటి గుమ్మంలోంచి రాలేదు, పెరటి దారిన వచ్చాడు. ఆధారం ఆరో సవరణ కాదు, తగిన న్యాయప్రక్రియ అన్న సూత్రం, ఆపైన ఒక్కో రాష్ట్రం రాసుకున్న చట్టం. రాసుకున్నవాళ్లు చెరిపేసుకోనూవచ్చు.

మసాచుసెట్స్ పద్ధతి వేరు. అక్కడ లెవెల్ వేసేది కోర్టు కాదు, సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ బోర్డు. మొదట బోర్డే ఒక లెవెల్ ప్రతిపాదిస్తుంది, కాదంటే బోర్డు నియమించిన అధికారే విచారణ జరుపుతాడు. కొలిచేదీ వాళ్లే, తూకం సరిగా ఉందో లేదో చూసేదీ వాళ్లే. మార్కుల షీటు లేదు, 38 అంశాల జాబితా ఉంది. అందులో వేటికి ఎంత బరువివ్వాలో అధికారి విచక్షణ. నిజం చెప్పాలంటే మార్కులున్న చోటే కాస్త నయం, లెక్క తప్పిందని చూపించొచ్చు. విచక్షణను ఏ వేలుతో చూపిస్తాం?

అందుకే కాబోలు, మసాచుసెట్స్‌లో లాయర్లు గెలిచిన పోరాటాలు నియమాల మీదే ఎక్కువ. చట్టంలోనే పేదవారికి లాయరు హక్కు ఉంది. కానీ లాయరును పేరుకు పక్కన కూర్చోబెడితే సరిపోతుందా? సరిపోదని, ఆ లాయరు పని సమర్థంగా చేసి ఉండాలని 2010లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అంది. మరి లాయరుంటే చాలా, నిపుణుడి ఫీజు ఎవరిస్తారు? 2013లో ఒక మహిళ కేసు వచ్చింది. ముప్పు అంచనా వేసే అంశాలన్నీ మగ నేరస్థుల మీద చేసిన పరిశోధనల్లోంచి వచ్చినవి, ఆడవాళ్ల విషయంలో అవి పనికొస్తాయో లేదో చెప్పడానికి నిపుణుడు కావాలి, ఫీజుకు నిధులివ్వండి అని ఆమె అడిగింది. విచారణ అధికారి కుదరదన్నాడు. ఇవ్వకపోవడం తప్పని కోర్టు తేల్చింది. ప్రభుత్వ ఖర్చు అంటే మనం లాయరు ఫీజు దగ్గరే ఆగిపోతాం గానీ, ఈ విచారణల్లో చాలాసార్లు తక్కెడను కదిలించేది నిపుణుడి నివేదికే.

2015లో ఇంకా పెద్ద మార్పు వచ్చింది. అప్పటిదాకా మసాచుసెట్స్ బోర్డు, తక్కెడ ఎటు కాస్త మొగ్గితే అటు అన్న పద్ధతిలో లెవెల్ వేసేది. 1998లో అదే కోర్టు దానికి సరేనంది. తర్వాత పరిస్థితి మారింది. లెవెల్ 2 వాళ్ల వివరాలు కూడా ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి, ఆంక్షలు పెరిగాయి. ఇక ఆ చిన్నపాటి మొగ్గు చాలదు, స్పష్టంగా, నమ్మకం కలిగేలా రుజువు చేయాల్సిందేనని కోర్టు తన పాత మాటను తానే మార్చుకుంది. అవసరానికి మించి పై లెవెల్ వేయడం ఆ మనిషికే కాదు, జనానికి కూడా మేలు చేయదన్న ఆలోచన ఆ తీర్పులో ఉంది.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో గట్టిగా అనిపించేది కూడా అదే. ఎడిసన్‌లో ఇల్లు కొనబోయే మన తెలుగు కుటుంబం స్కూలు రేటింగులు చూసి, గుడి ఎంత దూరమో చూసి, తర్వాత ఈ రిజిస్టరు తెరుస్తుంది. అందులో కనపడే పేరు వాళ్లకేం చెబుతోంది? ఆ పేరును అక్కడికి చేర్చిన విచారణ ఎంత గట్టిదో అంతే చెబుతుంది. ఇరవయ్యేళ్ల నాటి తెలివితక్కువ కుర్రాడినీ, వరసగా పిల్లల్ని వేటాడినవాడినీ ఒకే గాటన కట్టేస్తే, ఆ జాబితా చూసి తల్లి టెన్షన్ పడుతుంది తప్ప జాగ్రత్త పడలేదు. 90 రోజులకోసారి తనిఖీ చేయాల్సిన పోలీసుకూ ఇదే గతి. కాబట్టి ఈ లాయరు ఫీజును నేరస్థుడి మీద దయగా నేను చూడను. తూనికలు, కొలతల శాఖకు ఇచ్చే జీతంలా చూస్తాను.

లెవెల్ తప్పితే ఎంత దూరం పోతుందో న్యూయార్క్‌లోనే ఉంది. పర్యవేక్షణ కింద బయటికొచ్చే లెవెల్ 3 వాడు బడికి వెయ్యి అడుగుల లోపల ఉండకూడదు. మాన్‌హట్టన్‌లో అడుగడుక్కీ ఒక బడి. ఉండటానికి ఇల్లు దొరకలేదని విడుదల తేదీ దాటాక కూడా జైల్లోనే ఉంచేస్తారు. అలా ఉంచడం చెల్లుతుందని 2020లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. 'ఇది శిక్ష కాదు' అన్న మాటను అప్పుడు ఆ గదిలో కూర్చుని వినాలి.

ఇక డబ్బు సంగతి. న్యూయార్క్‌లో పేదల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్ సంస్థలు కాకుండా, ప్యానెల్లో ఉన్న ప్రైవేటు లాయర్లకు గంట లెక్కన చెల్లిస్తారు. 1986లో పెట్టిన రేటు కోర్టులో గంటకు 40 డాలర్లు, బయట చేసే పనికి 25. అది 2004 దాకా కదల్లేదు. 2004లో పెద్ద కేసులకు 75 చేశారు. మళ్లీ 2023 దాకా అంతే. కోర్టుల దాకా వెళ్లాకే 158 అయింది. కోర్టు బయటి పనికి తక్కువ రేటిచ్చిన ఆ 18 ఏళ్లు గుర్తుపెట్టుకోండి. వర్గీకరణ విచారణ కోర్టులో అరగంటలో అయిపోవచ్చు, అసలు పని అంతకుముందు పాత ఫైళ్ల మధ్యే జరుగుతుంది. మసాచుసెట్స్‌లో 2025 మే చివర్లో, గంటకు 65 డాలర్లు చాలవంటూ బోస్టన్ ప్రాంతపు ప్యానెల్ లాయర్లు కొత్త కేసులు తీసుకోవడం మానేశారు. అది క్రిమినల్ కేసుల గొడవ. కానీ ఒకటి బోధపడింది. పుస్తకంలో హక్కు ఎంత పెద్దక్షరాలతో రాసినా, ఆ రేటుకు పనిచేసే లాయరు దొరికితేనే అది హక్కు.

ఈ ఖర్చంతా వద్దనుకునే దారి కూడా ఒకటుంది. 2006లో వచ్చిన ఆడమ్ వాల్ష్ అనే ఫెడరల్ చట్టం ఆ దారే చూపింది. మనిషిని కొలవొద్దు, సెక్షన్ చూసి అంచె వేసేయండి: 15 ఏళ్లు, 25 ఏళ్లు, జీవితాంతం. విచారణ లేదు, లాయరు లేడు, నిపుణుడు లేడు, బిల్లూ లేదు. ఒహాయోలో అంతకుముందు ఒక్కొక్కరికీ విచారణ జరిపి, పేదవారికి ప్రభుత్వ లాయరును ఇచ్చేవారు. 2008 జనవరి నుంచి ఈ కొత్త పద్ధతికి మారారు. మూడేళ్లకు ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇది ఇప్పుడు శిక్షే అయిపోయింది కాబట్టి చట్టానికి ముందు జరిగిన నేరాలకు వర్తించదని చెప్పింది. ఖర్చు ఒకచోట మిగిలింది, గొడవ ఇంకోచోట తేలింది.

మన దగ్గర ఇలాంటి వర్గీకరణ విచారణే లేదు. 2018 సెప్టెంబరు 20న కేంద్రం లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ ప్రారంభించింది. మొదట్లోనే సుమారు 4.4 లక్షల ఎంట్రీలు. దాన్ని చూసేది పోలీసు, దర్యాప్తు సంస్థలే, జనం కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించినప్పుడు, మహిళలు, పిల్లల మీద నేరాలు చేసినవారి రిజిస్టరును డిజిటల్‌గా పెట్టి జనానికి కూడా చూపిస్తామన్నారు. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. అయి ఉంటే, ఎవరి పేరు ఎన్నాళ్లుండాలి, తీసేయమని అడిగే చోటేది, అడిగేవాడి పక్కన లాయరెవరు అన్న ప్రశ్నలన్నీ మన గుమ్మం ముందు నిలబడేవి.

దగ్గరి పోలిక కావాలంటే తెలంగాణ ముందస్తు నిర్బంధ చట్టం, అంటే పీడీ యాక్టులో ఉంది. ఆ చట్టం పేరులోనే ఉన్న పొడుగాటి జాబితాలో సవరణతో లైంగిక నేరస్థులు కూడా చేరారు. 'ఇకముందు వీడితో ముప్పుంది' అన్న అంచనా మీదే ఏడాది దాకా నిర్బంధం. అంచనా సరైనదేనా అని చూసేది సలహా మండలి. అక్కడ లాయరు హక్కు లేదు, ముందస్తు నిర్బంధాలను ఆ హక్కు నుంచి రాజ్యాంగంలోని 22వ అధికరణమే మినహాయించింది. 1981 డిసెంబరులో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పి, ప్రభుత్వం తరఫున లాయరొస్తే మాత్రం ఇతనికీ అనుమతివ్వాలని, లేకపోతే లాయరు కాని స్నేహితుడి సాయం తీసుకోవచ్చని అంది. హైకోర్టులో రిట్ వేసేటప్పుడు లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయరును ఇస్తుంది, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయ పరిమితి కూడా లేదు. కానీ ముప్పును మొదట కొలిచే గదిలో మాత్రం ఆ మనిషి, దొరికితే ఒక స్నేహితుడు.

మసాచుసెట్స్‌లో మనిషికి ముందు ఒక ఉత్తరం వస్తుంది. బోర్డు ప్రతిపాదించిన లెవెల్ అందులో ఉంటుంది. విచారణ కావాలంటే 20 రోజుల్లో అడగాలి. అడిగితే, పేదవాడని తేలితే, లాయరొస్తాడు, నిపుణుడి కోసం దరఖాస్తు పెడతాడు, 38 అంశాల మీద వాదిస్తాడు, బోర్డు స్పష్టంగా రుజువు చేయాల్సి వస్తుంది. ఉత్తరం అర్థం కాకో, ఇల్లు మారో, తలొంచుకునో ఆ 20 రోజులూ దాటిపోతే హక్కు వదులుకున్నట్టే లెక్క. ఉత్తరంలో ఉన్న లెవెలే ఖాయం.